సమాధి ఫలకాలు చెప్పే సమానత్వ పాఠం

"చచ్చాక అందరూ ఒకటే" అనే మాట మన ఊళ్ళలో తరచుగా వింటుంటాం. రాజైనా, పేదవాడైనా చివరికి చేరేది ఆ ఆరడుగుల నేలకే అని పెద్దలు చెబుతుంటారు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను రాగానే మహాకవి గుర్రం జాషువా రాసిన శ్మశానవాటి పద్యాల కోసం జనం చెవులు రిక్కించి కూర్చుంటారు. వన్స్ మోర్ అని అరుస్తారు. వింటున్నంతసేపూ అందరి కళ్ళూ చెమరుస్తాయి. మరి తెల్లవారి లేచి చూస్తే మన ఊళ్ళో ఏం కనబడుతుంది? చాలాచోట్ల ఒక కులానికి ఒక శ్మశానం, ఇంకో కులానికి ఇంకో శ్మశానం. డబ్బున్నవాడికి పాలరాతి సమాధి. లేనివాడికి మట్టి దిబ్బ. రెండు వర్షాకాలాలు గడిస్తే ఆ దిబ్బ కూడా నేలలో కలిసిపోతుంది. అందులో ఎవరున్నారో మనవడికి కూడా తెలియదు.

కాబట్టి చావు దానంతటదే ఎవరినీ సమానం చేయదు. బతికున్నవాళ్ళు పూనుకుని, ఒక నియమం పెట్టుకుని, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తేనే చనిపోయినవాళ్ళు సమానమవుతారు. ఇది నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి ఆధారంగా మన దేశంలోనే, ఈశాన్య మూలన ఉన్న ఒక ప్రశాంతమైన సైనిక శ్మశానవాటిక గురించి మీకు చెప్పాలనుకుంటున్నాను. అదే నాగాలాండ్ రాజధాని కోహిమాలో ఉన్న యుద్ధ శ్మశానవాటిక. అక్కడి సమాధి ఫలకాలు మనం మామూలుగా చూసే సమాధుల్లాంటివి కావు. వాటి ఆకారంలోనే ఒక పాఠం ఉంది. ఆ పాఠంలో ఒక తప్పు కూడా ఉంది. రెండూ మనం తెలుసుకోవాలి.

కోహిమాలో ఏం జరిగింది?

రెండవ ప్రపంచ యుద్ధం అనగానే మనకు హిట్లర్, హిరోషిమా గుర్తుకొస్తాయి. ఆ యుద్ధం మన దేశం నేల మీద కూడా జరిగిందని చాలామందికి తెలియదు. 1944లో జపాన్ సైన్యం బర్మా మీదుగా మన దేశంలోకి చొచ్చుకొచ్చింది. ఒక భాగం ఇంఫాల్‌ను చుట్టుముట్టింది. జనరల్ సాతో నాయకత్వంలోని 31వ డివిజన్, అంటే దాదాపు 15 వేల మంది, కోహిమా మీదకు వచ్చారు. దిమాపూర్ రైలు స్టేషన్ నుంచి ఇంఫాల్ వెళ్ళే ఒకే ఒక్క రోడ్డు కోహిమా మీదుగానే పోతుంది. ఆ రోడ్డు చేజారితే ఇంఫాల్‌లో ఉన్న సైన్యానికి తిండి గింజ కూడా అందదు.

1944 ఏప్రిల్ 4న యుద్ధం మొదలైంది. కోహిమాలో ఉన్న రక్షణ దళం సుమారు 2,500 మంది. అందులోనూ అందరూ పోరాడే సైనికులు కారు. వంటవాళ్ళు, గుమస్తాలు, డ్రైవర్లు, జబ్బు పడి కోలుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. బ్రిటిష్ రాయల్ వెస్ట్ కెంట్ పటాలంతో పాటు మన అస్సాం రెజిమెంట్, అస్సాం రైఫిల్స్, రాజ్‌పుత్ రెజిమెంట్ సైనికులు భుజం భుజం కలిపి నిలబడ్డారు. గ్యారిసన్ హిల్ అనే ఒక చిన్న కొండ మీద వాళ్ళందరినీ శత్రువు చుట్టుముట్టాడు. తాగే నీళ్ళకు కటకట. విమానాల నుంచి జారవిడిచిన సామాన్లలో కొన్ని శత్రువు చేతికి చిక్కాయి. గాయపడినవాళ్ళను పడుకోబెట్టిన చోట కూడా గుళ్ళు పడుతూనే ఉన్నాయి.

అక్కడ జిల్లా అధికారి డిప్యూటీ కమిషనర్ బంగళా ఉండేది. దాని పక్కన ఒక టెన్నిస్ కోర్టు. సాయంత్రాలు దొరలు బంతి ఆడుకునే ఆ కోర్టుకు ఒక పక్క వీళ్ళు, ఇంకో పక్క జపాన్ వాళ్ళు గోతులు తవ్వుకుని రోజుల తరబడి పోరాడారు. కోర్టు మీదుగా బంతులకు బదులు చేతి బాంబులు విసురుకున్నారు. తర్వాత బ్రిటిష్ 2వ డివిజన్, ఇతర భారతీయ దళాలు వచ్చి చేరాయి. తిండి లేక, మందుగుండు లేక సాతో మే నెలాఖరున వెనక్కి తగ్గడం మొదలుపెట్టాడు. జూన్ 22న కోహిమా వైపు నుంచి, ఇంఫాల్ వైపు నుంచి వచ్చిన సైనికులు 109వ మైలురాయి దగ్గర కలుసుకున్నారు. రోడ్డు తెరుచుకుంది. అప్పటికి కోహిమాలో మన వైపు చనిపోయిన, గాయపడిన, కనబడకుండా పోయినవాళ్ళు 4 వేల పైమాటే. జపాన్ వైపు అంతకంటే ఎక్కువ. 2013లో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం పెట్టిన ఓటింగులో బ్రిటన్ చేసిన యుద్ధాలన్నిటిలో గొప్పదిగా ఇంఫాల్, కోహిమా యుద్ధాన్నే ఎన్నుకున్నారు. అంత పెద్ద సంగతి మన దేశంలోనే జరిగినా దాని గురించి మనలో చాలామందికి తెలియకపోవడం విచారకరం.

ఆ ఫలకాలు ఎలా ఉంటాయి?

ఎక్కడ యుద్ధం జరిగిందో అక్కడే, ఆ గ్యారిసన్ హిల్ మీదే శ్మశానవాటిక కట్టారు. కొండ వాలును మెట్లు మెట్లుగా చదును చేశారు. ఒక్కో మెట్టు మీద పచ్చగడ్డి, పూల మొక్కలు, వాటి మధ్య వరుసల్లో సమాధులు. మొత్తం 1,420 సమాధులు.

సమాధి అంటే మనకు నిలువెత్తు శిలువో, గోపురమో, పాలరాతి గద్దెనో గుర్తుకొస్తుంది. ఇక్కడ అలాంటివేమీ లేవు. ప్రతి సమాధి దగ్గరా తెల్ల సున్నం వేసిన పొట్టి రాతి దిమ్మె ఒకటి ఉంటుంది. దాని పైభాగాన ఒక కంచు ఫలకం బిగించి ఉంటుంది. దాని మీద సైనికుడి నెంబరు, హోదా, పేరు, పటాలం, చనిపోయిన తేదీ ఉంటాయి. కుటుంబం వాళ్ళు కోరుకుంటే కింద ఒకటి రెండు వాక్యాలు కూడా ఉంటాయి. అంతే. నేల కదిలే అవకాశం ఉన్న చోట నిలువు రాళ్ళు ఒరిగిపోతాయి, పగిలిపోతాయి. అందుకని అలాంటి చోట్ల పొట్టి దిమ్మెలు పెట్టడం ఈ శ్మశానాలను చూసే సంస్థ పద్ధతి. టర్కీ దేశంలోని గల్లిపోలిలో కూడా ఇలాంటి పొట్టి దిమ్మెలే ఉంటాయి.

ఈ పొట్టి ఫలకాల్లో ఒక విశేషం ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరిది ఏదో తెలియదు. పేరు చదవాలంటే ఎంతటివాడైనా దగ్గరికి వెళ్ళి తల వంచాల్సిందే. మంత్రి వచ్చినా అంతే, మామూలు విద్యార్థి వచ్చినా అంతే.

ఇక్కడ జాన్ హార్మన్ అనే సైనికుడి సమాధి ఉంది. ఒంటరిగా శత్రువుల మెషిన్ గన్ స్థావరాల మీదకు వెళ్ళి, తిరిగి వస్తూ 1944 ఏప్రిల్ 9న ప్రాణాలు వదిలాడు. అతనికి మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అది బ్రిటిష్ సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం. అతని తండ్రి ఎంత ధనవంతుడంటే ఇంగ్లాండు తీరంలో లండీ అనే ఒక దీవే ఆయన సొంతం! కొడుకు మాత్రం లాన్స్ కార్పొరల్, అంటే చాలా చిన్న హోదా. అదే శ్మశానంలో విక్టోరియా క్రాస్ పొందిన ఇంకొక వీరుడు జాన్ రాండిల్ ఉన్నాడు. ఆయన కెప్టెన్. ఈ ఇద్దరి ఫలకాలూ, ఏ పతకం లేని పక్క సైనికుడి ఫలకమూ ఒకటే తరహా. దీవి ఉన్నవాడి కొడుకని గోపురం కట్టలేదు. ఆఫీసరని ప్రత్యేక వరుస కేటాయించలేదు.

శ్మశానవాటిక పైభాగాన మరొక కట్టడం ఉంది. హిందూ, సిక్కు సైనికులను వాళ్ళ ఆచారం ప్రకారం దహనం చేశారు. వాళ్ళకు సమాధులు ఉండవు కదా! మరి వాళ్ళ పేర్లు ఎక్కడ రాయాలి? అందుకోసం దహన స్మారకం కట్టి 917 మంది పేర్లు అందులో చెక్కారు. పూడ్చినా, కాల్చినా పేరు మాత్రం మిగలాలి అన్న ఆలోచన అది. దేహం లేకపోయినా పేరుకు చోటివ్వవచ్చునని ఆ స్మారకం మనకు చెబుతోంది.

కింద ప్రవేశం దగ్గర 2వ డివిజన్ వాళ్ళు నిలబెట్టిన పెద్ద నిలువురాయి ఉంది. నాగాలు తమ ఊళ్ళలో పెద్దల జ్ఞాపకంగా నిలిపే రాళ్ళను అది తలపిస్తుంది. ఇక ఆ టెన్నిస్ కోర్టు గీతలను తెల్లటి సిమెంటుతో ఇప్పటికీ అలాగే ఉంచారు. బంగళా లేదు, ఆట లేదు, గీతలు మాత్రం మిగిలాయి. యుద్ధంలో విరిగిపోయిన ఒక చెర్రీ చెట్టు మోడు నుంచి మళ్ళీ చిగురు వేసి చెట్టయిందని అక్కడ ఒక ఫలకం చెబుతుంది.

ఈ సమానత్వం ఊరికే రాలేదు

మిత్రులారా! ఈ ఒకే తరహా ఫలకాలు దొరల మంచితనం వల్ల వాటంతటవే వచ్చాయనుకుంటే పొరపాటు. దీని వెనక ఒక పోరాటం ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సిపాయి చనిపోతే గోతిలో పడేసి మట్టి కప్పేవారు. పేరున్న ఆఫీసర్లకే గుర్తులు మిగిలేవి. 1914లో యుద్ధం మొదలయ్యాక డబ్బున్న కుటుంబాలు తమ వాళ్ళ దేహాలను ఇంటికి తెచ్చుకోవాలని చూశాయి. 1915లో మాజీ ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ మనవడి దేహాన్ని యుద్ధరంగం నుంచి ఇంగ్లాండుకు తెచ్చారు. మరి కూలివాడి కొడుకు దేహాన్ని ఎవరు తెస్తారు? ఈ ప్రశ్న ఫేబియన్ వేర్ అనే వ్యక్తిని కలవరపెట్టింది. ఆయన పట్టుదల వల్ల దేహాలను ఇంటికి తేవడం ఆపేశారు. 1917 మే నెలలో సమాధుల కోసం ప్రత్యేకంగా ఒక కమిషన్ ఏర్పడింది. దాన్నే ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటున్నారు.

బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో ఈ కమిషన్‌కు ఒక నివేదిక ఇచ్చాడు. అందులో ముఖ్యమైన విషయం ఒకటే. హోదా, ధనం, పుట్టుక చూడకుండా అందరికీ ఒకే రకం రాయి పెట్టాలి. ఆ రాయికి కొలత కూడా నిర్ణయించారు. ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 1 అడుగు 3 అంగుళాలు. జనరల్‌కైనా అంతే, సిపాయికైనా అంతే.

దీనికి పెద్ద గొడవ జరిగింది. మా బిడ్డ సమాధి మీద మాకు నచ్చిన శిలువ పెట్టుకునే హక్కు మాకు లేదా అని వేలాదిమంది సంతకాలు చేశారు. 1920 మే 4న బ్రిటిష్ పార్లమెంటులో దీని మీద చర్చ జరిగింది. సొంత కొడుకును యుద్ధంలో పోగొట్టుకుని, తాను బతికుండగా ఆ కొడుకు సమాధి ఎక్కడుందో కూడా తెలియని రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ ఒకే రకం రాళ్ళ పక్షాన నిలిచాడు. చివరికి నియమమే నిలిచింది.

రాయి కింద కుటుంబం రాయించుకునే వాక్యానికి 66 అక్షరాల పరిమితి పెట్టారు. అక్షరానికి మూడున్నర పెన్నీలు ధర కట్టారు. న్యూజిలాండ్ ప్రభుత్వం దీన్ని ఒప్పుకోలేదు. డబ్బున్నవాడు రాయించుకుంటాడు, లేనివాడి రాయి ఖాళీగా ఉంటుంది, అది సమానత్వం ఎలా అవుతుంది అని తమ సైనికులకు ఆ వాక్యాలే వద్దంది. చూశారా! సమానత్వం అంటే ఉపన్యాసంలో చెప్పే పెద్ద మాట అనుకుంటాం. నిజానికి అది అంగుళాల్లో, అక్షరాల్లో, పైసల్లో ఉంటుంది. అక్కడ లెక్క తప్పితే మొత్తం తప్పినట్టే.

నియమం రాసినవాళ్ళే నియమం తప్పారు

ఇంత గొప్ప నియమం పెట్టిన కమిషన్ మన విషయానికి వచ్చేసరికి ఏం చేసింది? ఇది చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధం అవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి 13 లక్షల మందికి పైగా పాల్గొన్నారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. ఫ్రాన్సులో చనిపోయి, సమాధి తెలియని మనవాళ్ళ కోసం నవ్ షాపెల్ అనే చోట 1927లో స్మారకం కట్టారు. అక్కడ 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చక్కగా చెక్కారు. అదే ఇరాక్‌లోని బస్రాకు వచ్చేసరికి పద్ధతి మారిపోయింది. అక్కడి స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి. భారతీయుల్లో ఆఫీసర్ల పేర్లున్నాయి. మామూలు సిపాయిలు వేలాదిమందికి మాత్రం పేర్లు లేవు. పటాలం పేరు రాసి దాని కింద ఇంతమంది అని ఒక అంకె వేశారు! ఐరోపాలో నలుగురూ చూసే చోట పేరు, ఎడారిలో ఎవరూ చూడని చోట నెంబరు. ఇదెక్కడి న్యాయం?

తూర్పు ఆఫ్రికాలో ఇంకా ఘోరం. సైన్యానికి మూటలు మోస్తూ చనిపోయిన ఆఫ్రికా కూలీల సమాధులను అలాగే వదిలేసి అడవిలో కలిసిపోనిచ్చారు. ఆ జనానికి సమాధి రాయి విలువ తెలియదని అప్పటి అధికారులు కాగితాల మీద రాసుకున్నారు.

మిత్రులారా, ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? "వీళ్ళకు చదువెందుకు, వీళ్ళకు చదువు విలువ ఏం తెలుసు" అన్న మాట మన తాతలకు కొత్తది కాదు. విలువ తెలియదని చెప్పి ఇవ్వకపోవడం, ఇవ్వకపోయాక చూశారా వీళ్ళ దగ్గర లేదు అనడం ప్రపంచమంతటా ఒకే పద్ధతి.

దాదాపు వంద ఏళ్ళ తర్వాత ఈ విషయం బయటికి వచ్చింది. 2019లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డేవిడ్ లామీ చేసిన ఒక టీవీ కార్యక్రమం దుమారం లేపింది. కమిషనే ఒక విచారణ కమిటీ వేసింది. 2021 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్టు వాళ్ళు మొదలైనవారిలో 45 వేల నుంచి 54 వేల మందికి ఇతరులతో సమానమైన గుర్తింపు ఇవ్వలేదని తేల్చారు. కనీసం 1 లక్షా 16 వేల మంది, బహుశా 3 లక్షల 50 వేల మంది దాకా పేరు లేకుండానో, అసలు ఏ గుర్తూ లేకుండానో మిగిలిపోయారని ఒప్పుకున్నారు. బ్రిటిష్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

క్షమాపణ మంచిదే. కానీ ఆ అమ్మలు, ఆ భార్యలు, ఆ పిల్లలు ఎవరూ దాన్ని వినడానికి మిగల్లేదు. ఆలస్యంగా వచ్చిన సమానత్వం సగం సమానత్వమే.

కోహిమాలో లేనివాళ్ళు

కోహిమాలో కూడా అందరూ ఉన్నారని అనుకోకూడదు. అక్కడ వేల సంఖ్యలో చనిపోయిన జపాన్ సైనికులకు ఆ వరుసల్లో చోటు లేదు. వాళ్ళు కూడా ఏదో ఊరి రైతు బిడ్డలే. అలాగే నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులు జపాన్ వైపు నిలిచి మణిపూర్ కొండల్లో పోరాడారు. 1944 ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో జెండా ఎగరేశారు. "జైహింద్" నినాదాన్ని ఇచ్చినవాడిగా చెప్పుకునే ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాదువాడే. ఆయన కూడా ఆ ఫౌజ్‌లో పనిచేశాడు. దేశం కోసం ప్రాణమిచ్చిన ఆ ఫౌజ్ సిపాయిలకు కంచు ఫలకాలు లేవు. మొయిరాంగ్‌లో తర్వాత స్మారకం కట్టారు కాబట్టి కొంత నయం.

మరి నాగాలు? యుద్ధం వాళ్ళ ఇళ్ళ మధ్య జరిగింది. ఊళ్ళు తగలబడ్డాయి. వాళ్ళే దారి చూపారు, మూటలు మోశారు, గాయపడినవాళ్ళను భుజాన వేసుకుని కొండలు దిగారు. ఆ రుణం కొంత గుర్తుంచుకున్నవాళ్ళు మాత్రం ఉన్నారు. 2వ డివిజన్‌లో పనిచేసిన ముసలి సైనికులు 2000 దశకం మొదట్లో కోహిమా ఎడ్యుకేషనల్ ట్రస్ట్ అనే సంస్థ పెట్టి నాగా పిల్లల చదువుకు స్కాలర్‌షిప్పులు ఇవ్వడం మొదలుపెట్టారు. రాయి కంటే ఇది గొప్ప స్మారకమని నేను అనుకుంటున్నాను. స్కాలర్‌షిప్పు విలువ మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

మనకేమిటి సంబంధం?

"ఇంగ్లీషువాడి యుద్ధంలో చచ్చినవాళ్ళు మనకెందుకు?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను ఒక్క మాటైనా అడగకుండా మన దేశాన్ని యుద్ధంలోకి దింపాడు. కానీ ఆ యుద్ధానికి వెళ్ళిన 25 లక్షల మంది ఎవరు? ఎక్కువమంది పల్లెటూళ్ళ పేద బిడ్డలు. కరువుకు తట్టుకోలేక, నెల జీతం కోసం, రెండు పూటలా తిండి కోసం వెళ్ళినవాళ్ళు. అందులో 87 వేల మంది చనిపోయారు. యుద్ధం ఎవరిదైనా చనిపోయింది మనవాళ్ళు.

మన ప్రాంతానికీ సైన్యానికీ ఉన్న సంబంధం పాతది. కంపెనీ కాలంలో ఉత్తరాదివాళ్ళు సిపాయిలను "తిలంగాలు" అని పిలిచేవారు. మొదటి సిపాయిల్లో మన తెలుగువాళ్ళు ఉండటం వల్లే ఆ పేరు వచ్చింది. తర్వాత ఇంగ్లీషువాళ్ళు కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ఒక సిద్ధాంతం కనిపెట్టి మద్రాసు పటాలాలను క్రమంగా తగ్గించేశారు. అంటరాని కులాలని చెప్పి మహర్లను కూడా సైన్యం నుంచి తప్పించారు. డాక్టర్ అంబేద్కర్ గారి తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారుగా పనిచేసినవారు. ఆ అన్యాయం ఎలాంటిదో అంబేద్కర్ గారికి ఇంట్లోనే తెలుసు. రెండవ ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చేసరికి ఆ సిద్ధాంతం గాలికి పోయింది. అంబేద్కర్ గారి పట్టుదలతో 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. 1943లో చమార్ రెజిమెంట్ ఏర్పడి కోహిమా పోరులోనే పాల్గొంది. యుద్ధం అయిపోగానే 1946లో దాన్ని రద్దు చేశారు. అవసరానికి వీరులు, అవసరం తీరాక ఎవరూ కారు!

మన పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర ఉన్న మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. తరతరాలుగా ఆ ఊరి బిడ్డలు సైన్యంలోకి వెళుతున్నారు. ఊరి పేరులోనే ఆ జ్ఞాపకాన్ని నిలుపుకున్నారు. అలాంటి అదృష్టం అన్ని ఊళ్ళకూ, అన్ని వాడలకూ లేదు.

"రాయి మీద పేరుంటే కడుపు నిండుతుందా?" అని ఇంకో ప్రశ్న రావచ్చు. నిండదు. కానీ పేరు రాయని చోట కడుపు నిండే మార్గం కూడా ఉండదు. రిజిస్టరులో పేరు లేకపోతే మెస్సులో అన్నం లేదు. రేషన్ కార్డులో పేరు లేకపోతే బియ్యం లేవు. సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తప్పు పడితే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, ఆఫీసుల చుట్టూ తిరగలేక నాన్న కూలి డబ్బులు పోతాయి. హాస్టల్‌కు వచ్చిన మొదటి రోజునే మనం ట్రంకు పెట్టె మీద, కంచం మీద పేరు రాయించుకుంటాం. ఎందుకు? పేరుంటేనే అది మనది. పేరు లేని మనిషిని ప్రభుత్వం లెక్కలో అంకెగా మాత్రమే చూస్తుంది. బస్రాలో జరిగింది అదే.

పేర్లు ఒకసారి జాగ్రత్తగా రాసి ఉంచితే ఎన్నాళ్ళకైనా పనికొస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన పంజాబ్ సైనికుల వివరాలున్న రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో 97 ఏళ్ళు మూలన పడి ఉన్నాయి. 2021లో వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి అందరికీ అందుబాటులోకి తెచ్చారు. 3 లక్షల 20 వేల మంది వివరాలు అవి. మా తాత ఇతనే అని మనవళ్ళు వెతుక్కుంటున్నారు. ఎవరో ఒక గుమస్తా వందేళ్ళ కిందట ఓపికగా రాసి పెట్టబట్టే కదా!

మనం చేయవలసినవి

ఊరికే బాధపడితే లాభం లేదు. నాకు తోచిన కొన్ని పనులు చెబుతాను. నచ్చితే చేయండి.

మొదటిది, ఈ వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి నుంచి సైన్యంలోకి వెళ్ళినవాళ్ళ పేర్లు రాయండి. ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన ముత్తాతల నుంచి 1962, 1965, 1971, 1999 కార్గిల్ యుద్ధాల దాకా ఎవరున్నారో అవ్వలను, తాతలను అడగండి. ఊరినీ వాడనూ రెంటినీ అడగండి. పేరు, తండ్రి పేరు, పటాలం, ఏ సంవత్సరం, తిరిగి వచ్చారా లేదా అనేవి రాస్తే చాలు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను ఉంటే అయ్యే పని ఇది. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ పేర్లన్నీ ఒకే సైజు అక్షరాల్లో అచ్చు వేద్దాం.

రెండవది, చెన్నైలోని నందంబాక్కంలో కూడా ఇదే కమిషన్ చూసుకునే మద్రాస్ వార్ సెమెటరీ ఉంది. చెన్నైకి విహారయాత్ర వెళితే బీచ్‌తో పాటు అక్కడికీ తీసుకెళ్ళమని వార్డెన్ గారినీ, ఉపాధ్యాయులనూ అడుగుదాం. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని సంగతి ఆ వరుసలు చెబుతాయి.

మూడవది, అన్నిటికంటే కష్టమైనది. మన ఊళ్ళలో శ్మశానం అందరికీ ఒకటే ఉండాలని గ్రామసభలో అడుగుదాం. ఒకే ప్రహరీ, ఒకే దారి, ఒకే నీళ్ళ కుళాయి. ఈ మాట అనగానే గొడవ వస్తుందని నాకు తెలుసు. 1920లో లండన్‌లో కూడా గొడవ వచ్చింది. అక్కడ పెద్ద పెద్ద కుటుంబాలు ఒప్పుకోలేదు. అయినా నియమం నిలిచింది. అంగుళాల్లో కొలిచి రాసిన నియమం కాబట్టి నిలిచింది. మన గ్రామసభ తీర్మానం కూడా అలాగే స్పష్టంగా, కాగితం మీద, సంతకాలతో ఉండాలి.

కోహిమా కొండ మీద దీవి యజమాని కొడుకూ, పేరు తెలియని రైతు కొడుకూ ఒకే తరహా ఫలకం కింద నిద్రపోతున్నారు. అది మనుషులు పూనుకుని చేసిన పని. బస్రాలో వేలాదిమంది ఒక అంకె కింద అణిగిపోయారు. అది కూడా మనుషులు చేసిన పనే. రెండూ చేసింది ఒకే సంస్థ. అంటే నియమం మంచిదైతే చాలదు, ఎవరికి అమలవుతోంది, ఎవరికి కావడం లేదు అని అడిగేవాళ్ళు కూడా ఉండాలి. ఆ అడిగేవాళ్ళం మనమే ఎందుకు కాకూడదు?

చనిపోయినవాళ్ళకు సమానంగా ఒక రాయి ఇవ్వడానికే అంత పోరాటం జరిగితే, బతికున్నవాళ్ళకు సమానంగా ఒక బల్ల, ఒక పుస్తకం, ఒక కంచం ఇవ్వడానికి ఇంకెంత పోరాడాలి! మిత్రులారా, ఆలోచించండి. ఆలోచించి ఊరుకోకండి, ఈ సెలవుల్లోనే ఒక పేరు రాయడంతో మొదలుపెట్టండి.